ఆర్గన్ మేడ మీద ఆకుపచ్చ తెర

నోర్డర్‌వెయిర్ గ్రామం, గ్రోనింగెన్ జిల్లా
జూన్ 3, 1957

యూట్రెక్ట్ నగరంలో ఆర్గన్ విద్వాంసులు రైనీర్ కల్ఫ్ గారి సముఖానికి,

నోర్డర్‌వెయిర్ చర్చి సంఘ కార్యదర్శి పాప్కో ముల్డర్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమూ, మా ఆవులూ, మా ఆర్గనూ క్షేమం. తమరు కూడా అలాగే ఉన్నారని తలుస్తాను.

మా చర్చి ఆర్గన్‌కి ఈ జూలైతో రెండు వందల యాభై ఏళ్ళు నిండుతాయి. ఆ సందర్భంగా జూలై 17 బుధవారం సాయంత్రం ఒక కచేరీ పెట్టాలని సంఘం తీర్మానించింది. అది బాగుంటే ఇకమీదట వేసవిలో ప్రతి బుధవారం కచేరీ ఉంటుంది. బాగుండకపోతే ఈ ఊళ్ళో ఆర్గన్ అనేది ఆదివారం కీర్తనలకే పరిమితం. కచేరీ మాట మళ్ళీ ఎత్తేది లేదు.

సంగతి దాచను. మా ఆర్గన్ వాయించేది మా చెల్లెలు ఫ్రౌకె. ముప్పై ఒక్క ఏళ్ళుగా వాయిస్తోంది. ఈ కచేరీ తనకిమ్మని అడిగింది. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఏదీ అడగని మనిషి, ఇది అడిగింది. సంఘంలో ఆరు ఓట్లు. మూడు ఇద్దామని, మూడు వద్దని. ఆ వద్దన్న మూడో ఓటు నాది. చెల్లెలికి కట్టబెట్టాడన్న మాట నేను పడలేను. పైగా మా ఫ్రౌకె వాయించే కీర్తనలో ఒక చరణం అయ్యేలోపు నోట్లో వేసుకున్న పిప్పరమెంటు బిళ్ళ పూర్తిగా కరిగిపోతుంది. ఆ చేతులతో కచేరీ ఏమిటి చెప్పండి?

కాబట్టి తమరు దయచేసి మా పరువు నిలబెట్టాలి.

చిత్తగించవలెను,
పాప్కో ముల్డర్

తా.క. మా ఊరికి రైలు రోజుకి రెండుసార్లు వస్తుంది. రెండోది రాకపోవచ్చు.

—

యూట్రెక్ట్
జూన్ 9

ముల్డర్ గారికి నమస్కారం.

మీరూ, మీ ఆవులూ, మీ ఆర్గనూ అన్న వరసలో క్షేమసమాచారం రాసినవారు ఇంతవరకూ నాకు తగల్లేదు. చదవగానే రావాలనిపించింది. వస్తున్నాను.

ఎరగని ఆర్గన్ మీద ఒక్క పూటలో పెత్తనం చేయబోతే పరువు పోయేది మనకే. అందుకని ఆ ముందు శుక్రవారమే వచ్చి కచేరీ దాకా దాంతో గడుపుతాను. ఇంకో సంగతి, నాకున్నవి రెండు చేతులే. వాయిస్తూ ఉండగా ఆర్గన్ గొంతు మార్చాలంటే పక్కన ఒకరు నిలబడి, నేను తల ఊపినప్పుడల్లా సరైన పిడి లాగాలి, అక్కర్లేనిది తోసేయాలి. ఆ మనిషి మీ చెల్లెలు గారైతే బాగుంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే ఆర్గన్‌తో కాపరం చేసినవారు దొరకడం నా అదృష్టం.

మీ ఆదరానికి కృతజ్ఞుణ్ణి,
రైనీర్ కల్ఫ్

తా.క. పిప్పరమెంటు బిళ్ళ పెద్దదా, చిన్నదా? దాన్ని బట్టి కీర్తన ఎంత నెమ్మదో అంచనా వేసుకుంటాను.

—

నోర్డర్‌వెయిర్
జూన్ 15

పూజ్యులు కల్ఫ్ గారికి,

బిళ్ళ పెద్దది. చప్పరించేదే గానీ కొరికేది కాదు. కొరికితే పాస్టరు గారికి వినిపిస్తుంది.

పిడులు లాగడానికి ఫ్రౌకె ఒప్పుకుంది. నేను అడిగినప్పుడు బంగాళాదుంపల తొక్క తీస్తోంది. ఇంకో రెండు దుంపలు తీసింది. మూడోది చేతిలోకి తీసుకుని సరే అంది. కొంచెం మందకొడి మనిషి, తమరే ఓపిక పట్టాలి. తల ఒకసారి ఊపితే చాలకపోవచ్చు, రెండుసార్లు ఊపండి. శ్రద్ధకి మాత్రం వంక పెట్టలేం. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు చర్చిలో మేడ మీదికెళ్ళి ఆర్గన్ గొట్టాలకి దుమ్ము దులుపుతుంది. ఇరవై ఏళ్ళుగా దులుపుతోంది. అక్కడికి అంత దుమ్ము ఎలా వస్తుందో నాకు అంతుపట్టదు. మా ఇంట్లో బీరువా మీద దుమ్ము మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

మా చర్చి పద్ధతులు ముందే మనవి చేస్తాను, తర్వాత తమరు నొచ్చుకోకూడదు. మేం చప్పట్లు కొట్టం. నచ్చినా కొట్టం. వాయించేవారు జనానికి కనిపించకూడదన్నది తాతల నాటి కట్టుబాటు. మెప్పు దేవుడికి పోవాలి గానీ మనిషికి కాదు కదా. అందుకని మేడ అంచున ఆకుపచ్చ తెర ఉంటుంది. కచేరీకి ముందే మూసేస్తాం, జనం వెళ్ళిపోయాక తీస్తాం. సంఘం పుస్తకంలో కూడా వాయించినవారి పేరు రాయం. ఆఖర్న అందరం కలిసి ఒక కీర్తన పాడతాం. దాని వేగం మా ఊరి కరకట్ట బాగోగులు చూసే పెద్దమనిషి తియార్డ్ గారి ఊపిరిని బట్టి. ఆయనకిప్పుడు ఎనభై నాలుగు.

తమరి బస పాస్టరు గారింట్లో. కావలసినవి గంట కొట్టే హార్మ్ చూసుకుంటాడు.

తమ రాక కోసం ఎదురుచూస్తూ,
పాప్కో ముల్డర్

తా.క. తెర ఉంది కదా అని చొక్కా చేతులు పైకి మడిచి వాయించకండి. పోయినేడు గంటలు బాగుచేయడానికి వచ్చినవాడు అలాగే అనుకున్నాడు. తెర సందులోంచి పాస్టరు గారి భార్య చూసింది. ఆవిడ చూడనిదంటూ ఈ ఊళ్ళో ఏదీ లేదు.

—

పాస్టరు గారి ఇల్లు, నోర్డర్‌వెయిర్
ఆదివారం, జూలై 14

ముల్డర్ గారికి,

ఎదురింట్లో ఉన్న మీకు ఉత్తరం రాయడం వింతగానే ఉంది. కానీ పొద్దున నేను ఏదో చెప్పబోతే మీరు జేబులోంచి తెల్లకాగితం తీసి నా చేతిలో పెట్టారు. 1911లో సంఘం పని నోటిమాటగా జరిపితే చర్చి శిఖరం మీద గాలి దిక్కు చూపే కోడిబొమ్మకి రెండుసార్లు బంగారు పూత పడిందని తర్వాత పాస్టరు గారు చెప్పారు. సరే, రాతకోతలే మంచిది.

మీ ఆర్గన్ నాకు లొంగడం లేదు. సిగ్గుపడుతూ రాస్తున్న మాట ఇది. శుక్రవారం పీట మీద కూర్చుని ఐదు నిమిషాలు వాయించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉండిపోయాను. మీ చెల్లెలు గారు పక్కనే నిలబడి, కిటికీలోంచి గోధుమ చేలు చూస్తున్నట్టు నటిస్తూ నవ్వు ఆపుకున్నారు. ఆ తర్వాత నాకు కొన్ని చూపించారు. చూశాను. ఇంకా చూడవలసింది చాలా ఉంది.

అందుచేత ఒక మనవి. బుధవారం దాకా ఆవిడ రోజంతా నాతో మేడ మీదే ఉండాలి. పైకి ఎవరూ రాకూడదు. తలుపుకి లోపల గడియ వేసుకుంటాం. భోజనం హార్మ్ చేత పంపండి, గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోతే చాలు.

మీ అతిథి,
రైనీర్ కల్ఫ్

తా.క. ఆవిడ దుమ్ము దులపడం స్వయంగా విన్నాను. అలా దులపడం యూట్రెక్ట్‌లో ఎవరికీ చేతకాదు.

—

ఎదురిల్లు
సోమవారం, జూలై 15

కల్ఫ్ గారికి,

తమరు మా అతిథి. కాబట్టి మర్యాదగా రాస్తున్నాను. తమరు కూడా మర్యాదగానే చదువుకోగలరు.

ఫ్రౌకెకి యాభై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. తమరికి భార్య పోయి ఆరేళ్ళయిందని పాస్టరు గారి భార్య కనుక్కుంది. లోపల గడియ ఎందుకో నాకు మొదట తట్టలేదు. ఊళ్ళోవాళ్ళకి మాత్రం వెంటనే తట్టింది.

రోజూ ఆరింటికి ఇంటికొచ్చే మనిషి నిన్న ఏడున్నరకి వచ్చింది. వచ్చి కూనిరాగం తీస్తూ పాలు పితకడానికి వెళ్ళింది. మా నాన్న పోయిన దగ్గర్నుంచి మా ఇంట్లో కూనిరాగం అన్నది లేదు. ఏమిటి సంగతని అడిగాను. "ఏం లేదన్నయ్యా, ఆకలేస్తోంది" అని రెండు గిన్నెల సూపు తాగి పడుకుంది.

ఇదంతా సహించాను. కానీ ఇవాళ పాస్టరు గారి భార్య గంటగోపురం కిటికీ తుడుస్తూ చూసిందట. తమరు మా చెల్లెలి ముందు మోకాళ్ళ మీద ఉన్నారట. పోనీ ప్రార్థన అనుకుందామంటే, మొహం దేవుడి వైపు లేదట. గోపురం కిటికీ ఆవిడ ఎందుకు తుడుస్తోందని నేను అడగలేదు, తమరూ అడగకండి. సాయంత్రంలోగా లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వగలరు.

పాప్కో ముల్డర్,
అన్నగారి హోదాలో

తా.క. ఈ ఉత్తరం నకలు సంఘం దస్త్రంలో పెట్టలేదు. కుటుంబ దస్త్రంలో పెట్టాను. అలాంటిదొకటి మాకు లేదు, ఇవాళే తెరిచాను.

—

గడియ వేసిన మేడ
మంగళవారం, జూలై 16

ముల్డర్ గారికి,

నిన్న సాయంత్రంలోగా రాయలేకపోయాను, మన్నించండి. మేడ దిగలేదు.

మోకాళ్ళ మీద ఉన్నమాట నిజం. పాస్టరు గారి భార్యకి చూపు బాగా ఆనుతోంది. మీ చెల్లెలు గారి పాదాలు దగ్గరగా చూడాలని వంగాను. చూడదగ్గ పాదాలు. గంటసేపు చూశాను. ఇంకా చూసేవాణ్ణే గానీ నడుం పట్టేసింది.

దీనికి మీకు కోపం వస్తుందని తెలుసు. ఒక్క మాట నమ్మండి. ఆవిడకి తలవంపులు తెచ్చే పని ఏదీ నా వల్ల జరగదు. బుధవారం గడవనివ్వండి. గురువారం పొద్దున ఆవిణ్ణి ఒకటి అడగబోతున్నాను. సరేనంటే యూట్రెక్ట్ తీసుకెళ్తాను. అప్పుడు మీకు అన్నీ వివరంగా రాస్తాను.

కచేరీ గురించి బెంగ పెట్టుకోకండి. రేపు సాయంత్రం మీ ఊరు తన ఆర్గన్‌ని మొదటిసారి వింటుంది.

మీవాడిగా చూడమని కోరుతూ,
రైనీర్ కల్ఫ్

తా.క. సూపు ఇంకో గిన్నె ఎక్కువ పంపండి. కష్టమంతా ఆవిడదే.

—

నోర్డర్‌వెయిర్
గురువారం, జూలై 18

మహానుభావులు రైనీర్ కల్ఫ్ గారికి,

తమరు పొద్దున మొదటి రైలుకే వెళ్ళిపోయారని తెలిసి స్టేషన్‌కి పరిగెత్తాను. రైలు వెనక పెట్టె మాత్రం కనిపించింది. దానికే టోపీ తీశాను.

పాదాల విషయంలో నేను పెట్టుకున్న కోపం నిన్న రాత్రి ఎనిమిది గంటల పది నిమిషాలకు పోయింది. టైము హార్మ్ చూసి చెప్పాడు.

తెర మూశాక మొదట ఒకే ఒక్క సన్నని గొంతు వచ్చింది. మా ఆర్గన్‌లో అలాంటి గొంతు ఉందని ఇన్నేళ్ళుగా మాకెవరూ చెప్పలేదు. దాని వెనకే ఇంకోటి, ఆ రెంటికీ జవాబుగా మూడోది. కింద పెద్ద గొట్టాలు పలికేసరికి బల్లలు వణికాయి, నా బూట్లలోకి వచ్చింది ఆ వణుకు. పక్క ఊళ్ళ నుంచి సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళు గోడలకి ఆనుకుని నిలబడి, టోపీలు చేతుల్లో పట్టుకుని, నోళ్ళు తెరిచి విన్నారు. పిప్పరమెంటు డబ్బా ఒక్కటీ తెరుచుకోలేదు.

ఇక ఆఖరి కీర్తన. మామూలుగా మేం పాడుతూ ఆర్గన్‌ని ఈడ్చుకుపోతాం. నిన్న అదే మమ్మల్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. తియార్డ్ గారు రెండో చరణంలో ఆగిపోతారని భయపడ్డాను. ఆయన లేచి నిలబడ్డారు. ఎక్కడ ఊపిరి కావాలో అక్కడ ఆర్గన్ ఒక్క క్షణం ఆగి ఆయనకి ఊపిరి ఇచ్చింది. కీర్తన అయ్యాక ఆయన చర్చిలో అందరూ వినేలా "మళ్ళీ" అన్నారు. మళ్ళీ పాడాం. తర్వాత చప్పట్లు లేవు, కానీ ఎవరూ కదల్లేదు కూడా. బయట పెట్టిన కాఫీ అంతా చల్లారిపోయింది.

తమరికి కాబట్టి చెప్తున్నాను, నేను ఏడ్చాను. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి, వెక్కి వెక్కి ఏడ్చాను. ఎందుకో చెప్పలేను. నేను ఇన్నాళ్ళూ బతికిన ఊరు ఇంత పెద్దదా అనిపించింది. అలా వాయించే చేతులకి నేను రుణపడిపోయాను. మా ఫ్రౌకెకి ఇందులో పదో వంతు వచ్చినా నా ఓటు అటే పడేది. ఆ చేతులు వేరు, ఏం చేస్తాం.

ఇవాళ పొద్దున సంఘం సమావేశమైంది. ఆరుకి ఆరు ఓట్లతో ఈ తీర్మానం చేసింది: "బుధవారం నాడు తెర వెనక ఎవరి చేతులు ఈ ఆర్గన్‌ను పలికించాయో, వేసవి కచేరీల పీట వారి ఊపిరి ఉన్నంతవరకు వారిదే. దీనిని ఈ సంఘం గానీ, ముందు రాబోయే ఏ సంఘం గానీ మార్చరాదు." పేరు రాయకూడదన్న మా పద్ధతి తమరికి తెలిసిందే. అయినా ఎవరో అందరికీ తెలుసు కదా. సంతకాలతో నకలు జతపరిచాను.

ఇక కుటుంబ విషయం. ఫ్రౌకె పొద్దున కొత్త టోపీ పెట్టుకుని, గ్రోనింగెన్‌లో చిన్నమ్మ దగ్గరికని పెట్టె పట్టుకుని వెళ్ళింది. మా చిన్నమ్మ పోయి నాలుగేళ్ళయింది. తమరు అడగదలచింది అడగండి. అన్నగా నా సమ్మతి ఇదే, రాతపూర్వకంగా.

తమ భక్తుడు,
పాప్కో ముల్డర్

తా.క. రెండో పాటలో ఒకచోట గొంతు మారడం అర క్షణం ఆలస్యమైంది. అది ఫ్రౌకె చేతి పొరపాటు. కుటుంబం తరఫున క్షమాపణ.

—

యూట్రెక్ట్
సోమవారం, జూలై 22

ముల్డర్ గారూ,

ఆ అర క్షణం ఆలస్యం నాది. ఆవిడ తల ఒకసారే ఊపారు, రెండుసార్లు ఊపాల్సింది.

కూర్చుని చదవండి. బుధవారం పీట మీద కూర్చున్నది ఫ్రౌకె గారు. పక్కన నిలబడి పిడులు లాగినవాణ్ణి నేను.

మీ ఆర్గన్‌లో ఎడమ చివరి మెట్లు లోకంలో ఉన్న వరసలో ఉండవు. ఒకటి నొక్కితే మూడో ఇంటిది పలుకుతుంది. పాతకాలం ఆర్గన్‌లు కొన్ని అలా ఉంటాయని పుస్తకంలో చదివాను. నా వేళ్ళు ఆ పుస్తకం చదవలేదు. పిడుల మీద ఏది ఏ గొంతో చెప్పే పేర్లని ఎవరో పుణ్యాత్ముడు గోధుమరంగు పూసి కప్పేశాడు. ఉన్నవి ఇరవై రెండు. ఎక్కువ మెట్లు ఒకేసారి నొక్కితే తిత్తుల్లో గాలి చాలక ఆర్గన్ మూలుగుతుంది. ఎక్కడ ఆగి దానికి ఊపిరి పోయాలో ఆవిడ చేతులకి తప్ప ఎవరికీ తెలియదు. శుక్రవారం ఐదు నిమిషాల తర్వాత లేచి, మీరు కూర్చోండి అన్నాను. కూర్చున్నారు. వాయించారు. కాళ్ళతో మెట్లు తొక్కుతూ ఆవిడ పలికించిన కింది గొంతు ఎలా వస్తోందో నాకు అర్థం కాక, సోమవారం మోకాళ్ళ మీద పడి ఆ పాదాలు చూశాను. నలభై ఏళ్ళుగా ఈ విద్యలో ఉన్నాను, ఎవరి ముందూ అలా వంగలేదు.

ఆవిడ దులిపింది దుమ్ము కాదు. అన్నిటికంటే మెత్తని గొంతు ఒక్కటే తెరిచి, గోడ దాటి వినపడకుండా, రోజుకి రెండు గంటలు, ఇరవై ఏళ్ళు సాధన చేశారు. మరి ఆదివారం అంత నెమ్మది ఎందుకని అడిగాను. "తియార్డ్ తాత వెనకబడిపోతే ఒక్కడే పాడుకోవాలి కదండీ" అన్నారు. బుధవారం ఆయన్ని కూడా వెంటబెట్టుకు వెళ్ళండి అన్నాను. మీరు విన్నారు కదా.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మీరు ఓటు వేశారు. నిజం ముందే చెప్తే మళ్ళీ ఓటు పెట్టేవారు. మీ కట్టుబాటే ఆవిణ్ణి కాపాడింది. ఒక్క అబద్ధం చెప్పనక్కర్లేకుండా తెర కట్టి ఇచ్చారు.

తీర్మానం నకలు అందింది. అందులో రాసిన చేతుల యజమానికి అందజేశాను. మార్చడానికి వీల్లేని తీర్మానం ఇంత చక్కగా రాసినవారిని నేను చూడలేదు.

గురువారం నేను అడిగింది ఇది: యూట్రెక్ట్ పెద్ద చర్చిలో కచేరీ చేస్తారా అని. నిన్న చేశారు. ఇక్కడ తెర లేదు, చప్పట్లు ఉన్నాయి. అవి ఎంతకీ ఆగకపోతే ఆవిడ భయపడి, నన్నేదో సరిచేయమన్నట్టు చూశారు.

పిడులు లాగే,
రైనీర్ కల్ఫ్

తా.క. మీ సమ్మతి అందిన పూటే మీరనుకున్న ఆ రెండోది కూడా అడిగాను. ముందు ఎడమ చివరి మెట్లు తప్పు లేకుండా వాయించమన్నారు. ఒక ఏడాది గడువిచ్చారు. ఆవిడ మా అక్కయ్య ఇంట్లో ఉన్నారు, పాస్టరు గారి భార్యకి చెప్పండి. కింద ఉన్న రాత ఆవిడది.

అన్నయ్యా,

శనివారం మొదటి రైలుకి వస్తాను. స్టేషన్‌కి బండి పంపు, సంగీతం పుస్తకాలు పెట్టె నిండా ఉన్నాయి. ఆ తర్వాతి బుధవారం ఏం వాయించాలో ఇంకా తేల్చుకోలేదు.

నువ్వు ఏడ్చానని రాసిన ఉత్తరం ఈయన నాకిచ్చారు. నాలుగుసార్లు చదివాను. ముప్పై ఒక్క ఏళ్ళలో నా వాయింపు గురించి నువ్వు రాసిన మొదటి ఉత్తరం అది. పేరొక్కటే తప్పు రాశావు. దిద్దుకుని మళ్ళీ ఒకసారి చదువుకో.

నీ చెల్లెలు,
ఫ్రౌకె